ఉప్పునీళ్లు తాగిన దిమ్మ

ఈ ఉదయం ఘుగ్గుస్ కాలనీలో నీళ్ల ట్యాంకు గోడను సుత్తితో కొడితే ఖంగుమంది. లోపల ఇనుము క్షేమంగా ఉన్న కాంక్రీటు చప్పుడది. తుప్పు పట్టి ఉబ్బిన చోటయితే బోలుగా మోగుతుంది. మెట్లెక్కి, చుట్టూ తిరిగి కొట్టాను. ఒక్క బోలు చప్పుడు లేదు, ఒక్క ఎర్రచార లేదు. రాజేశం సారుకి వినపడేలా కేక పెట్టాలనిపించింది.

మంచిర్యాల నుంచి వచ్చి, చంద్రపూర్ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ల్యాబు పెద్దగా స్థిరపడిన మనిషాయన. బజార్లో బట్టల దుకాణం వాళ్ల అమ్మాయిని నేను, డిగ్రీ పట్టా పట్టుకుని అక్కడ చేరాను. కొత్తగా ఎవరు చేరినా మూడు కాంక్రీటు దిమ్మలు పోయాల్సిందే. ఒకదాంట్లో నల్ల ఇనుప రాడ్డు, ఇంకోదాంట్లో జింకు పూసిన రాడ్డు, మూడోదాంట్లో రెండూ కలిపి తీగతో కట్టినవి. ల్యాబు వెనక వాటికి రోజూ ఉప్పునీళ్లు పోయాలి. లోపల ఏమవుతుందో మాత్రం చెప్పేవారు కాదు. "చదివినవు కదా, మళ్ల నేనెందుకు చెప్పుడు? పోసినదానివి నువ్వే పగలగొట్టి చూడాలె" అనేవారు. "మన సుజాత తులసికోటకు నీళ్లు పోస్తోంది" అని తోటివాళ్లు నన్ను ఏడిపిస్తుంటే నాకు ఒళ్లు మండేది.

రెండు వానాకాలాలు గడిచాక ఈ ట్యాంకు పని మా ల్యాబు తనిఖీకి వచ్చింది. ఇక్కడి బోరునీళ్లు ఉప్పన, అందుకని రాడ్లన్నీ జింకు పూసినవే వాడాలన్నారు. తీరా కాంక్రీటు పోసే ముందురోజు నేను తనిఖీకి వెళ్లి చూద్దును కదా, సరుకు చాలక కాంట్రాక్టరు మల్లేశ్ మధ్యమధ్య నల్ల రాడ్లు కట్టించాడు. పని ఆపించాను. ఎండాకాలం ముంచుకొస్తోంది, కాలనీ ఆడవాళ్లు బిందెలతో ట్యాంకరు కోసం నిలబడుతున్నారు. నేను పొరబడితే ఆ ఉసురంతా నాకే.

మల్లేశ్ నేరుగా ల్యాబుకి వచ్చాడు. "సారూ, మేడం కొత్త. కాంక్రీటుల సున్నం గుణముంటది, నల్ల రాడ్డుకు తుప్పు రాదు. పైంగ జింకు పక్కదాన్ని గూడ కాపాడుతది. బుక్కులల్లనే ఉన్నది."

అతను అబద్ధమాడటం లేదు. ఆ రెండు మాటలూ నేనూ చదివినవే.

"నువ్వన్నది నిజమే" అన్నారు సారు. "లొల్లి ఎందుకు, పగలగొట్టి చూద్దాం." ల్యాబు వెనక నా మూడు దిమ్మల దగ్గరికి నడిచి, సుత్తి నా చేతికిచ్చారు.

"సార్, లోపల ఏం కాకుంటే?"

"కాకుంటే రేపు కాంక్రీటు పోసుకుంటరు. మనం మల్లేశ్‌కు చాయ్ తాపిద్దాం. కొట్టు."

కొట్టాను. నల్ల రాడ్డు దిమ్మ లోపలి తుప్పుకి ముందే పగిలి ఉంది, ఉప్పు దాని సున్నం కాపుదలను ఎప్పుడో దాటేసింది. జింకు ఒంటరిగా ఉన్న రాడ్డు మీద పలచని తెల్లపొర, గీకితే కింద మెరుపు. మూడో దిమ్మ రెండు చెక్కలైంది. నల్ల రాడ్డు బాగానే ఉంది కానీ, కట్టు దగ్గర జింకు పూత పూర్తిగా పోయి ఆ రాడ్డుకే ఎర్రతుప్పు మొదలైంది.

"కాపాడింది మల్లేశ్, కాదంటలేను" అన్నారు సారు. "దాన్ని కాపాడుకుంట ఇదే అరిగిపోయింది. ఉప్పునీళ్లల్ల ఎన్నొద్దులు కాపాడుతది?"

మల్లేశ్ ఆ ముక్కను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "నల్లయన్ని విప్పిస్త సారూ" అన్నాడు.

"సుజాత తులసికోట వరమిచ్చిందిరా!" అని సారు ల్యాబంతా వినపడేలా అరిచారు. నన్ను ఏడిపించినవాళ్లే చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్లానో ఎగిరి వెళ్లానో నాకే తెలియదు.

ఓడిపోతే చాయ్ తాపించి ఊరుకోగల ధీమా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అప్పటినుంచి ఏ సైటులోనూ సుత్తి ఎత్తడానికి నేను వెనకాడలేదు.

ఇన్నేళ్ల తర్వాత ఈ ఉదయం ట్యాంకు మీద నుంచే, రిటైరై మంచిర్యాల తిరిగెళ్లిన సారుకి ఫోను చేశాను. ఈ వయసులోనూ ఆయన గొంతు తగ్గలేదు. "వినండి సార్" అని ఫోను గోడకు ఆనించి కొట్టాను. ఖంగుమంది.

అటునుంచి, "మంచిగున్నది. ఇంకో దిక్కు కొట్టు" అన్నారు.

నవ్వుకుంటూ అటువైపు నడిచాను.