ఎదురుకొట్టు అరుగు

ఎదురుకొట్టు ఆయన పోయారు. రాత్రి భోజనం చేసి పడుకున్న మనిషి తెల్లవారి లేవలేదట. ఆ సంగతి తెలియకముందు, ఆ ఉదయం కాసేపు నేను చాలా సంతోషంగా ఉన్నాను. కారణం చెబితే మీరు నన్ను తిట్టుకుంటారు, అయినా చెబుతాను. నేను వచ్చేసరికి ఆయన షట్టరు ఇంకా దించే ఉంది. ఆ మనిషికంటే ముందు కొట్టు తెరవాలని పాతికేళ్లకు పైగా ప్రయత్నించి ఒక్కసారీ తెరవలేకపోయినవాణ్ణి నేను. గబగబా నా షట్టరు ఎత్తి, ముందు నీళ్లు చల్లి, అగరొత్తులు వెలిగించి, గల్లాపెట్టె దగ్గర కాలుమీద కాలేసుకుని కూర్చున్నాను. రానీ, ఇవాళ మొహం ఎలా పెడతాడో చూద్దాం అనుకున్నాను. మందులషాపాయన వచ్చి చెప్పేదాకా అలాగే కూర్చుని ఉన్నాను.

"ముందు మీకే చెబుదామని వచ్చానండి. మీ ఇద్దరూ బాగా దగ్గర కదండీ," అన్నాడాయన.

దగ్గరే. మధ్యలో ఒక్క వీధి.

రాజమండ్రి బట్టల మార్కెట్లో మా ఇద్దరివీ మ్యాచింగ్ కొట్లు. చీర తీసుకొస్తే దానికి తగిన రంగులో జాకెట్టు ముక్క, లంగా, ఫాల్, లైనింగు ఇస్తాం. వినడానికి చిన్న వ్యాపారంలా ఉంటుంది గానీ, మామిడిచిగురు రంగుకూ చిలకపచ్చకూ మధ్య ఎన్ని పచ్చలున్నాయో ఆడవాళ్లకు తెలుసు, మాకు తెలుసు. మా రెండు కొట్లూ ఎదురెదురుగా ఉండేవి. నా కొట్టు పెద్దది, ఆయనది చిన్నది. జనం మాత్రం ఆయన దగ్గరే ఉండేవారు. నా జీవితకథ ఇంతే అనుకోండి.

ఆ రోజు వీధిలో కొట్లన్నీ సగం షట్టర్లు దించాయి. గోదావరి గట్టుకు వెళ్లేసరికి అక్కడ ఎంత జనం! మండపేట టైలర్లు, భీమవరం టైలర్లు, పిఠాపురం నుంచి కుట్టుమిషన్ సెంటర్ నడిపే ఒకావిడ, ఈ ఊళ్ల మధ్య తిరిగే బస్సు డ్రైవర్లు. చితి దగ్గర నిలబడి కూడా నేను ఆ జనాన్నే చూస్తున్నాను. నేను పోతే మండపేట నుంచి ఎవరొస్తారు అని లెక్క వేసుకుంటున్నాను. పైగా ఆ పోవడం చూడండి. ముందురోజు సాయంత్రం దాకా గుడ్డ కొలిచి, ఎవరినీ మంచినీళ్లు కూడా అడగకుండా నిద్రలో వెళ్లిపోయారు. చావులో కూడా నాకంటే ముందే మంచిది చూసి తీసుకున్నట్టనిపించింది.

స్నానాలు చేసి మెట్ల మీద బట్టలు ఆరబెట్టుకుంటుంటే బ్రోకరు నా పక్కన చేరాడు. నా కొట్టు అద్దెకు కావాలని ఒక సెల్‌ఫోన్ల షోరూము వాళ్లు రెండేళ్లుగా అతని ద్వారా అడుగుతున్నారు.

"ఇంక దేనికండీ మీకీ గుడ్డపేలికల గొడవ? పోటీ పడదామన్నా అవతల మనిషి లేరు గదండీ. హాయిగా అద్దె తీసుకుని ఇంట్లో కూర్చోండి. పెద్దకర్మ అయ్యేలోగా ఒక మాట చెప్పండి చాలు," అన్నాడు.

వేళ కాని వేళ అన్నాడు గానీ, అన్నమాట నిజమే. ఆయన చూస్తుండగా ఓడిపోయినట్టు షట్టరు దించలేక ఇన్నాళ్లూ కొట్టు నడిపాను. ఇప్పుడు చూసేవారెవరు? సరే అందామని నోటిదాకా వచ్చింది. ఇంటికెళ్లి చెబుతానని మాత్రం అన్నాను.

అప్పటినుంచీ ఆయన్ని తలుచుకోవడమే పనైంది. మా వర్తక సంఘం వాళ్లు నాలుగు మాటలు రాసివ్వమన్నారు. నాలుగు మంచిమాటలు రాద్దామని కూర్చుంటే, ముందు నా ఏడుపే బయటికొస్తోంది.

మొదట ఎండ సంగతి. ఆయన కొట్టుది తూర్పు మొహం, నాది పడమర మొహం. పొద్దున ఎండంతా ఆయన మీద, నీడంతా నా ముందు. ఆఖరికి సూర్యుడు కూడా ఆయన పక్షమే అని మొదట్లో కుళ్లుకున్నాను. తీరా చూస్తే, ఆయన పొద్దున్నే తన కొట్టులోంచి చీర, రెండు మూడు జాకెట్టు ముక్కలు భుజాన వేసుకుని, ఆ చీర తాలూకు ఆవిడను వెంటబెట్టుకుని, వీధి దాటి నా కొట్టు ముందుకొచ్చి నిలబడేవారు. నా నీడలో చీర కొంగు పరిచి, దాని మీద ముక్క ఆనించి, "ఒకసారి వెలుతురులో చూసుకోండమ్మా," అనేవారు. మండుటెండలో అన్ని రంగులూ వెలిసినట్టుంటాయి, లైటు కింద అన్నీ కలిసినట్టుంటాయి, నీడపట్టున వెలుతురులోనే అసలు రంగు తెలుస్తుంది అని ఆయన పట్టుదల. మధ్యాహ్నం దాటాక నీడ ఆయన వైపు మళ్లేది. అప్పుడు తన అరుగు మీదే నిలబడేవారు.

ఒక్కోసారి ముక్క కలిసేది కాదు. అప్పుడు ఆయన, "మా దగ్గర లేదమ్మా. ఈ ఎదురుకొట్టులో చూడండి, వీరి దగ్గర సరుకు ఎక్కువ," అని నావైపు చెయ్యి చూపించి వెళ్లిపోయేవారు. ఆవిడ లోపలికొచ్చేది, కొనేది. కొని, "ఆయన చెప్పారు కాబట్టి వచ్చానండి," అని ఒక మాట అంటించి వెళ్లేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. బేరం నాది, పేరు ఆయనది!

ఓర్వలేక ఒకసారి నా నీడలో బట్టలు తొడిగిన బొమ్మలు రెండు నిలబెట్టాను. ఆయన చీర భుజాన వేసుకుని వచ్చి, బొమ్మల్ని చూసి, "అయ్యో, అడ్డమొస్తున్నామాండీ? చెప్పకపోయారా," అని పక్కనున్న మందులషాపు నీడలోకి నడిచారు. ఆ వారంలో నాకు పొద్దుటి బేరాలు పడిపోయాయి. మా ఆవిడ ఆ బొమ్మల్ని చంకలో పెట్టుకెళ్లి లోపల పెట్టేసింది. మర్నాడు ఆయన ఏమీ జరగనట్టే వచ్చి, "బాగున్నారాండీ?" అన్నారు. కోపం కూడా రాని మనిషిని చూసి ఎలా ఓర్చుకుంటామండీ?

మా ఆవిడ సంగతి కూడా చెప్పాలి. మధ్యాహ్నాలు గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆవిడే. ఆవిడ జాకెట్లు చీరకు అచ్చుగుద్దినట్టు కలిసేవి. నెమలికంఠం చీర ఒకటి కట్టుకుని పెళ్లికి బయల్దేరినప్పుడు చూశాను, ఆ రంగు గుడ్డతాను మా కొట్టులో లేదు.

"ఎక్కడిదే ఈ ముక్క?" అన్నాను.

"ఎక్కడిదో ఒకచోటిది. పదండి, ముహూర్తం దాటిపోతుంది," అంది.

ఎక్కడిదో తెలియనంత వెర్రివాణ్ణి కాను. పేరులేని తెల్లకవర్లో పెట్టిచ్చి పంపేవారట ఆయన, నాకు కనపడకుండా. ఆ మర్యాద కూడా ఆయనదే కావాల్సొచ్చింది.

వ్యాపారం ఎలా పెంచుకోవాలో చెప్పే ప్రసంగాలన్నీ నేను విన్నాను. విని, అప్పు తెచ్చి, గాజు తలుపులు పెట్టించాను, ఏసీ పెట్టించాను, కళ్లు జిగేలుమనే లైట్లు పెట్టించాను. ఆ లైట్ల కింద నా కొట్టులో కలవని రంగంటూ లేదు. కొన్నవాళ్లు వీధిలోకి వెళ్లేసరికి మెంతిరంగు ఇంకోలా, ఉల్లిపొర రంగు ఇంకోలా తేలేవి. తిరిగొచ్చి ముక్కలు బల్లమీద పడేసేవారు. వాట్సాప్‌లో ఫొటో పంపితే చాలు, ముక్క ఇంటికి పంపిస్తానని ప్రకటన కూడా ఇచ్చాను. అవీ తిరిగొచ్చాయి. ఆయన మాత్రం టైలర్లతో, "ఫోన్లో రంగు నమ్మకండి బాబూ, గోరంత గుడ్డముక్క కవర్లో పెట్టి బస్సులో పంపండి," అనేవారు. వాళ్లు పంపేవారు. సాయంత్రానికి జవాబు సరుకు అదే బస్సులో వెళ్లేది. అద్దె పెంచుకోకుండా, కొట్టు పెంచకుండా ఆయన మూడు ఊళ్లకు పెరిగారు. నేను రాజమండ్రిలోనే ఏసీ బిల్లు కట్టుకుంటూ కూర్చున్నాను.

అలా హంగులు చేసిన కొట్టు మళ్లీ తెరిచిన రోజున ఆయన వచ్చారు. కొబ్బరికాయ, పువ్వులు, అరటిపళ్లు పట్టుకొచ్చి అంతా కలయజూసి అన్నారు: "మా అరుగు మీంచి చూస్తే మీ కొట్టు ఎంత బాగుంటుందో మీకు తెలీదండి. ఓసారి వచ్చి చూడండి. ఆయ్, నిజం."

వెటకారం అనుకున్నాను. వెళ్లలేదు. ఆ రోజనే కాదు, ఇన్నేళ్లలో ఆయన అరుగు ఎక్కలేదు. వాళ్లింట్లో శుభకార్యాలకు వెళ్లాను, భోజనాలు చేశాను. కొట్టు మెట్టు మాత్రం తొక్కలేదు. అది నా పంతం.

ఒకసారి సంఘం మీటింగులో కుర్రవ్యాపారులకు సలహాలు చెప్పమని మా ఇద్దర్నీ లేపారు. నేను చాలాసేపు మాట్లాడాను. పెట్టుబడి, ప్రచారం, లక్ష్యం, అన్నీ చెప్పాను. కుర్రాళ్లు ఫోన్లు చూసుకున్నారు. తరవాత ఆయన లేచి, "నాకు మాట్లాడ్డం రాదండి. కలవని ముక్క కలిసిందని చెప్పి అమ్మకండి. ఆవిడ ఆ జాకెట్టు తొడుక్కున్నప్పుడల్లా మనల్ని తిట్టుకుంటుంది. ఇంకోటేంటంటే, రేపు కొట్టు ఎప్పుడు తీద్దామా అని మనకి అనిపించాలండి. అలా అనిపించట్లేదనుకోండి, ఎంతొచ్చినా అది కూలే," అని కూర్చున్నారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, లోపల తిట్టుకుంటూ.

ఆ రెండోమాట నన్ను వదల్లేదు. రేపు కొట్టు ఎప్పుడు తీద్దామా అని నాకు రోజూ అనిపించేది. అయితే అది కొట్టు మీద ప్రేమతో కాదు, ఆయనకంటే ముందు తియ్యాలని. ఆయనకు పని మీద ఉన్న ఇష్టం నాకు ఆయన మీది కుళ్లులో దొరికిందేమో. గుడ్డతాను చుట్టడం, ముక్క చించేటప్పుడు ముందు చిన్న గాటు పెట్టడం, లేదని చెప్పేటప్పుడు మనిషి కళ్లలోకి చూసి చెప్పడం, నాకొచ్చిన వ్యాపారమంతా గాజు తలుపు వెనక నుంచి ఆయన్ని చూసి ఏడుస్తూ నేర్చుకున్నదే. జీతం అడగని గురువు. ఇప్పుడు దండం పెడదామంటే మనిషి లేరు. కళ్లలో ఇన్ని నిప్పులు పోసుకున్నవాణ్ణి, ఆ కళ్లకు ఇప్పుడు నీళ్లొస్తున్నాయి.

నిన్న మధ్యాహ్నం ఒకావిడ మండపేట నుంచి వచ్చింది. కూతురి పెళ్లిచీర తెచ్చింది. వంగపండు రంగుకూ నేరేడుపండు రంగుకూ మధ్య రంగు. ఎదురు షట్టరు చూసి, సంగతి విని కళ్లు తుడుచుకుని నా కొట్టులోకొచ్చింది. నేను మూడు తాన్లు దింపాను. లైట్ల కింద మూడూ కలిశాయి.

"ఆయనైతే బయటికి తీసుకెళ్లి చూపించేవారండి," అంది నెమ్మదిగా.

పోయిన మనిషి మీద కూడా మండింది నాకు. చీర భుజాన వేసుకున్నాను, మూడు తాన్ల కొసలూ కాస్త కాస్త కత్తిరించి పట్టుకున్నాను, బయటికొచ్చాను. నా ముందంతా ఎండ. నీడ ఎదురుగా, మూసిన షట్టరు ముందు ఉంది. వీధి దాటాను. ఒక్క క్షణం ఆగి, ఆ అరుగు ఎక్కాను.

నేల నున్నగా ఉంది, ఆయన నిలబడే చోట మరీ నున్నగా. కొంగు పరిచి ఒక్కో ముక్కా ఆనించాను. మొదటిది కలవలేదు, రెండోది కలవలేదు. మూడోది పెట్టేసరికి కొంగెక్కడ ఆగిందో ముక్కెక్కడ మొదలైందో తెలియలేదు. మీటరు కత్తిరించమని కేకెయ్యడానికి తలెత్తాను.

ఎదురుగా ఒక కొట్టు ఉంది. పడమటి ఎండ గాజు తలుపుల్లోంచి లోపలిదాకా పోయి, అరల్లో తాన్లన్నిటి మీదా పడుతోంది. పసుపు, రాణిరంగు, చిలకపచ్చ, వరసంతా వెలుగుతోంది. గల్లాపెట్టె దగ్గర ఒకావిడ నిదానంగా గుడ్డ మడతపెడుతోంది, ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉన్న మనిషిలాగా. ఈ కొట్టు ఎవరిదో గానీ అదృష్టవంతుడు అనిపించింది. వెంటనే కడుపులో మండింది. నాకు బాగా తెలిసిన మంటే.

అది నా కొట్టని తెలియడానికి కాస్త సమయం పట్టింది. జేబులో ఫోను మోగుతోంది. బ్రోకరు. ఆగేదాకా మోగనిచ్చాను.

"ఏవండీ, కలిసిందాండీ?" అంది మండపేట ఆవిడ.

"కలిసిందమ్మా. ఎదురుకొట్టులో ఇస్తారు, రండి," అన్నాను.

అన్నానే గానీ కాలు కదల్లేదు. గాజు తలుపు అవతల మా ఆవిడ మడత ఆపేసింది. కళ్లకు ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటే చూస్తోంది, ఆ అరుగు మీద చీర పరిచి నిలబడిందెవరా అని.