గ్యాస్ తొట్టిలో జీడి తొక్కలు

మా వార్డులో కుళ్లిన చెత్తతో గ్యాస్ తయారుచేసే తొట్టి ఉంది. ఆ గ్యాస్ మీదే మా వదిన ఇడ్లీలు వేసి ఇల్లు నడుపుతోంది. జీడి తొక్క పలాస బట్టీల్లో భగ్గున మండుతుంది కదా! వదిన పొయ్యిలోనూ మంట ఎగిసి ఆవిడ అదిరిపడాలని, మొన్న ఎవరూ చూడకుండా రెండు బస్తాలు తొట్టిలో పోశాను. ఈ ఉదయం పొయ్యి ఆరిపోయింది.

తొట్టి చూసే అప్పన్న మూత తీసి అరిచాడు. "ఎవుడ్రా జీడి తొక్కలేసినాడు? ఆ నూనెకి గేసు పుట్టించే పురుగులన్నీ సచ్చిపోనాయి! కడిగి, పేడేసి, నెల ఆగాల."

"నెలా? నా పిల్లలకి ఏటెట్టాల?" అంటూ వదిన కూలబడింది. నా చెయ్యి పట్టుకుంది. "మరిదీ, ఆడెవుడో నువ్వే కనిపెట్టాల."

ఊరందరినీ ఆటపట్టించే నేను తలూపి, పేడ తట్ట ఎత్తుకున్నాను. పొద్దున్నుంచీ పేడ మోస్తుంటే ఆవిడ నన్ను దేవుడంటోంది. నిజం ఎలా చెప్పాలో మీరైనా చెప్పండి. వదినకు ఫోన్ లేదు, ఈ పోస్టు ఎవరూ ఆవిడకి చదివి వినిపించకండి.