గ్లాసుడు చెరువు నీళ్ళు

నా చిన్నప్పుడు నేను చెప్పే మాటల్లో సగం అబద్ధాలని మా వీధంతటికీ తెలుసు. మిగతా సగం కూడా అబద్ధాలేనని మా మామ్మకి తెలుసు. కాలవలో మొసలి ఎదురొచ్చి ద్రాక్షారామం దారి అడిగిందని చెప్పే పిల్లని ఎవరు మాత్రం నమ్ముతారు? అలాంటిది ఒకే ఒక్కరోజు మా బాబాయి నా మాట నమ్మాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమే.

బాబాయి రెండెకరాల వరిచేను తవ్వించి, సముద్రప్పాయ నుంచి ఉప్పునీళ్ళు తోడించి రొయ్యల చెరువు చేశాడు. అన్నం పెట్టే చేలో ఉప్పునీళ్ళేంటని మా తాతయ్య వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదు. చివరికి ఒక్క మాట మీద ఊరుకున్నారు. మొదటిసారి వేసిన రొయ్య పిల్ల దక్కకపోతే చెరువు పూడ్చేసి మళ్ళీ వరి ఊడ్చాలి.

రొయ్య పిల్ల రావడానికి ముందు మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగోనాటి పొద్దున ఎండ కాసింది. దారిలో టైరు పంక్చరై, పిల్లని తెచ్చే వ్యాను ఆలస్యంగా వచ్చింది. సముద్రం నీళ్ళు పోసి, ఆక్సిజన్ కొట్టి, మూతికి రబ్బరు బ్యాండ్లు బిగించిన ప్లాస్టిక్ సంచులు. ఒక్కోదాంట్లో కనుబొమ్మ వెంట్రుకల్లాంటి పిల్లలు, వేలకి వేలు. లోపల గాలి ఇంకెంతసేపు సరిపోతుందో ఎవరికీ తెలీదు. వెంటనే వదిలేద్దామని బాబాయి చాకు తీశాడు.

పిన్ని అడ్డం వచ్చింది. బాబాయి భార్య, కాకినాడలో కెమిస్ట్రీ చదివి ఆ ఏడే మా ఇంటికి కోడలిగా వచ్చింది. చెరువులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, "వానకి నీళ్ళు చప్పబడిపోయాయండి. ఒక్కసారిగా వదిలితే ఒక్కటీ మిగలదు" అంది. సంచుల్ని చెరువులో తేల్చి, మూతి విప్పి, చెరువు నీళ్ళు గ్లాసు గ్లాసుగా కలపాలట. గంటన్నర పడుతుందట. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. తాతయ్య గట్టు మీద కూర్చుని మా వైపే చూస్తున్నారు. తిట్టినా అంత భయం వేసేది కాదు. బాబాయి ఒకసారి సంచుల వైపు, ఒకసారి పిన్ని వైపు చూస్తున్నాడు.

ఈలోగా నేను చెయ్యాల్సిన వెధవపని చేసేశాను. మా చెరువులో మొట్టమొదట పిల్లని వదిలింది నేనేనని బళ్ళో చెప్పుకోవాలి కదా. ఒక సంచి అవతలి మూలకి మోసుకుపోయి, రబ్బరు బ్యాండు పంటితో కొరికి, గభాలున ఒంపేశాను. పిల్లలు కాసేపు చెదిరాయి. తర్వాత కదలడం మానేశాయి.

పరిగెత్తుకొచ్చి, ఒక సంచి వదిలానని, అన్నీ బ్రహ్మాండంగా ఈదుతున్నాయని చెప్పేశాను. రెండు పిల్లలు తోకెత్తి నాకు దణ్ణం కూడా పెట్టాయని చేర్చాను. భయమేసినప్పుడు నా నోటికి వచ్చేది అదే.

బాబాయి మొహం వెలిగిపోయింది. తనకి కావలసిన మాట అదే మరి. "చూశావా?" అని పిన్నితో అంటూ మొదటి సంచి మూతి మీద చాకు ఆనించాడు.

పిన్ని చాకు వైపు చూడలేదు. నా మొహంలోకి చూసింది. స్టీలు గ్లాసు నా చేతిలో పెట్టి, "ఆ మూల అడుగునుంచి ఒక్క గ్లాసు ముంచుకురామ్మా. ఆ ఈతేదో బాబాయికి చూపిద్దాం" అంది మెల్లగా. చాకు ఆగింది.

కథల్లో గోదావరి ఎన్నిసార్లు ఈదేశానో లెక్కలేదు గానీ, ఆ గట్టు మీద నలభై అడుగులు నడవడానికి నా కాళ్ళు రాలేదు. తెచ్చిన గ్లాసు బాబాయి చేతికిచ్చాను. అడుగున సేమ్యా ముక్కల్లా తెల్లగా పడున్నాయి.

"అబద్ధం చెప్పాను బాబాయ్."

ఆయన చాకు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంట్లో గ్లాసులన్నీ చెరువుకి వచ్చాయి. వ్యాను డ్రైవరుతో సహా అందరం నీళ్ళలో దిగాం. ఎత్తు నుంచి సన్నటి ధారగా పొయ్యమంది పిన్ని, గాలి కూడా కలుస్తుందని. పోస్తూనే నాకు చెప్పింది. నీళ్ళలో వేసిన కిస్మిస్ ఎందుకు ఉబ్బుతుంది? పలచటి నీళ్ళు చిక్కదనం ఉన్న చోటికి చొరబడతాయి. ఈ పిల్లల ఒంట్లో ఉప్పుంది. బయట ఉప్పు ఒక్కసారిగా తగ్గితే నీళ్ళు లోపలికి తోసుకొచ్చి చంపేస్తాయి. కాస్త కాస్తగా తగ్గితే అవే సర్దుకుంటాయి.

మధ్యలో ఒక సంచిలో పిల్లలన్నీ అడుక్కి దిగిపోయాయి. పిన్ని చేత్తో నీళ్ళు కలుపుతూనే ఉంది. చాలాసేపటికి ఒకటి కదిలింది, తర్వాత పది. అప్పుడు తాతయ్య గట్టు దిగి, పంచె ఎగ్గట్టి, ఎవరూ అడక్కుండానే ఓ గ్లాసు అందుకున్నారు. చివరికి సంచులు వంచి పట్టుకుంటే, పిల్లలు వాటంతటవే చెరువులోకి ఈదుకుంటూ పోయాయి.

ఆ రోజు నుంచి అబద్ధాలు మానేశానంటే, అది ఇంకో అబద్ధం. కోతలు కోస్తూనే ఉన్నాను, కాకపోతే పిన్ని పద్ధతిలో. మొసలిని ముందే దింపను. ముందు కాలవ, తర్వాత వాన, ఆ తర్వాత నీళ్ళలో చిన్న కదలిక. గ్లాసు గ్లాసుగా కలుపుతాను. కానీ ఎవరైనా నా మాట మరీ తొందరగా నమ్మేస్తే మాత్రం ఆగిపోతాను. వాళ్ళ చేతిలో చాకు ఉందేమోనని చూస్తాను.