ఎదురు చుట్ల సకినాలు

మధ్యాహ్నం నాలుగు దాటేసరికి మా ఆఫీసు ఆరో అంతస్తులో హఠాత్తుగా వేగిన నువ్వుల వాసన గుప్పుమంది. పెళ్లి సెలవు ముగించుకుని ఆ రోజే పనిలోకి వచ్చిన అమ్మాయి ఒకతె, సారెలో మిగిలిన సకినాలను పెద్ద డబ్బాతో తెచ్చి, కంప్యూటర్ల మధ్య పెట్టి మూత తీసింది. నువ్వులు, వాము, బియ్యప్పిండి, మరిగిన నూనె, ఈ నాలుగూ కలిస్తే పుట్టే ఆ వాసనను ఏసీ గాలి కూడా ఏమీ చేయలేకపోయింది. నేను అప్పటికి రెండు గంటలుగా, ఒక ప్రోగ్రాంలో ఆగకుండా తిరుగుతున్న లూపుకు బయటి దారి దొరక్క జుట్టు పీక్కుంటున్నాను. ఒక సకినం విరిచి నోట్లో వేసుకోగానే ఆ లూపు సంగతి మరిచిపోయి, పిండితో చుట్టే ఈ లూపు కోసం తొమ్మిదేళ్ల వయసులో నేను చేసిన గొడవంతా గుర్తొచ్చింది. ఆ గొడవ గురించి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

మా ఊరు ఈ ఆఫీసుకు కూతవేటు దూరంలోనే ఉండేది. మాదాపూర్‌కూ కొండాపూర్‌కూ నడుమ, ఏనుగులంతేసి బండరాళ్ల మధ్య, నలభై గడపల ఊరు. చలికాలం మొదట్లో సీతాఫలాలు, ఎండాకాలంలో రాళ్ల సందుల్లో దొరికే చల్లదనం, వానాకాలంలో గుంతల నిండా కప్పలు, వీటితో మా ఏడాది గడిచేది. అప్పట్లో నా కంటికి ఏది చూసినా చుట్టుకుని, మెలిపడి, మొదలైన చోటికే వచ్చి చేరేదిగా కనిపించేది: బావిలో బొక్కెనకు వేసే ఉచ్చు, బిందె కింద నెత్తిన పెట్టుకునే చుట్టబట్ట, నాయనమ్మ అల్లే నులక మంచం, బడికి పోయేటప్పుడు అమ్మ రెండు జడలూ పైకి మడిచి చెవుల పక్కన కట్టే ఎర్ర రిబ్బన్లు, బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ వంగి లేస్తూ తిరిగే ఆడవాళ్ల వరస. ఆ వరసలో చివర నేను ఉండేదాన్ని. చివర అని నేను అనుకునేదాన్ని గానీ, చుట్టు తిరిగే వరసకు చివర ఎక్కడుంటుంది, నా వెనకాలే మళ్లీ మా నాయనమ్మ తగిలేది.

బాపు, అంటే మా నాన్న, లింగంపల్లి స్టేషన్‌కూ కొండాపూర్‌కూ మధ్య ఆటో నడిపేవాడు. సెలవు రోజుల్లో నన్ను పక్కన ఇరికించుకుని తీసుకుపోయేవాడు. రైలు దిగిన జనం ఎక్కడం, దిగడం, మళ్లీ స్టేషన్‌కు రావడం, మిర్చి బజ్జీల బండి పక్కన ఆగడం, మళ్లీ బయలుదేరడం, ఇలా పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎనిమిదిసార్లు తిరిగాక ఒకనాడు నాకు విసుగొచ్చి, పోయిన కాడికే మళ్లీ వస్తున్నప్పుడు అసలు పోవుడెందుకని అడిగాను.

"మంచిగ అడిగినవ్ బిడ్డా," అని బాపు పకపకా నవ్వాడు. "ఈ తిరుగుడులనే మన బువ్వ ఉన్నది."

ఇక అసలు విషయం. నాది పుర్ర చెయ్యి. పలక మీద బలపం, నోటికి ముద్ద, విసిరే రాయి, అన్నీ ఎడమ చేత్తోనే. రాత సంగతి బడిలో పంతులమ్మ వదిలేసినా, నాయనమ్మ వంటింటి సంగతి వదల్లేదు. నా ఎడమ చెయ్యి పిండి గిన్నె వైపు కదిలిందంటే చాలు, ఆమె చేతిలోని అట్లకాడ టపీమని మణికట్టు మీద పడేది. పెద్దగా నొప్పి ఉండేది కాదు, పరువు మాత్రం పోయేది. రొట్టెలు ఒత్తినా, ఒత్తులు చేసినా ఆమె అంతగా పట్టించుకునేది కాదు గానీ, సకినాల దగ్గరికి మాత్రం నన్ను రానిచ్చేది కాదు. ఎందుకంటే సకినం చుట్టాలి. పిండి ముద్దను గుప్పిట్లో పట్టుకుని, వేళ్ల సందున సన్నటి తాడులా మెలితిప్పుతూ గుడ్డ మీద మూడు నాలుగు చుట్లు చుట్టాలి. అందరి చుట్లూ ఒక దిక్కు తిరిగితే నావి ఎదురు దిక్కు తిరిగేవి.

"గుడి సుట్టు ఎవరన్న ఎడమ తిరుగుతరా?" అనేది నాయనమ్మ. "శుభకార్యం పిండి అది. ఎదురు సుట్టు సుట్టద్దు."

కుడి చేత్తో ప్రయత్నించకపోలేదు. నా కుడి చేతి సకినం వాన వెలిశాక గోడ మీద పాకిన వానపాములా ఉండేది. అది చూసి నేనే చెరిపేసేదాన్ని.

ఆ ఏడాది మా వెనక గదిలో ఓబులమ్మ అత్త అనే కడప ఆవిడ కిరాయికి దిగింది. ఆమె భర్త కొత్తగా లేస్తున్న మేడల దగ్గర మేస్త్రీ. పొద్దున్నే ఆమె మా వాకిట్లో చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికలు మెలికలుగా, చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో ముగ్గు తిప్పేది. మా ఊళ్లో ఆడవాళ్లు నాలుగు గీతలు గీసి చేతులు దులుపుకునేవాళ్లు, ఈమె ముగ్గు చూడటానికి మాత్రం బిందెలు దించి నిలబడేవాళ్లు. నేను ఆమె పక్కన కూర్చుని, మట్టిలో వేలితో అదే ముగ్గు ఎడమ చేత్తో, ఎదురు దిక్కు నుంచి తిప్పేదాన్ని. ఆమె ఒకసారి ఆగి చూసింది.

"నువ్వు ఆ పక్కనుంచి వస్తాండావా పాపా? రా, రా. మొదలుపెట్టిన కాడికే గదా మనం చేరేది," అంది. ఆ మాట నా చెవుల్లో తేనె పోసినట్టయింది. నాయనమ్మకు వినబడేలా మళ్లీ చెప్పమని బతిమాలాను గానీ, ఇంటి యజమానురాలితో తగువు తనకెందుకని ఆమె నవ్వి ఊరుకుంది.

అదే చలికాలంలో మా చిన్నత్త పెళ్లి కుదిరింది. చిన్నత్త అంటే బాపు చెల్లెలు. నాకు తల దువ్వినా, జ్వరమొస్తే పక్కన పడుకున్నా, లెక్కలు రాకపోతే బాపుకు తెలియకుండా చేసిపెట్టినా ఆమే. ఆమె శంకర్‌పల్లి అవతలి ఊరికి వెళ్లిపోతుందంటే నాకు అన్నం సహించలేదు. పెళ్లి ఆపడం నా వల్ల కాదని తెలిశాక ఒక్కటే కోరిక మిగిలింది. సారెలో ఆమె వెంట పోయే సకినాల బుట్టలో నా చేత్తో చుట్టినవి కొన్నైనా ఉండాలి. అక్కడ ఆమె తింటుంటే పక్కన నేనున్నట్టే ఉంటుందని ఆ వయసులో గట్టిగా నమ్మాను.

పెళ్లికి ఐదు రోజుల ముందు వాకిట్లో తెల్ల ధోవతులు పరిచారు. తడిపి దంచిన పిండి, దోరగా వేయించిన నువ్వులు, వాము కలిపిన గంగాళం మధ్యలో పెట్టి, ముందుగా పిండితో గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టి, ఊరి ఆడవాళ్లు పన్నెండు మంది చుట్టూ కూర్చున్నారు. వాళ్ల నోళ్లు ఆగకుండా ఊరి ముచ్చట్లు చెబుతుంటే వేళ్లు ఆగకుండా చుట్లు చుట్టేవి. గుడ్డ మీద సకినాలు వరసలు వరసలుగా పెరుగుతుంటే, పక్కన కట్టెల పొయ్యి మీద పెద్ద మూకుడులో నూనె బుసబుసలాడేది. నాకు ఇచ్చిన ఉద్యోగం కాకులను తోలడం. ఒక కట్టె పట్టుకుని, పిండి గంగాళం వైపే చూస్తూ, కాకుల సంగతి కాకులకే వదిలేసి నిలబడ్డాను.

మధ్యాహ్నం అందరూ లోపలికి అన్నాలకు వెళ్లారు. కట్టె పక్కన పడేసి, ధోవతి మూలన కూర్చుని, ఎడమ చేత్తో పిండి తీసుకున్నాను. వేళ్లు హాయిగా తిరిగాయి. ఇరవై చుట్టాను. గుండ్రంగా, సమంగా, నేనే మురిసిపోయేంత బాగా వచ్చాయి. వాళ్లు చేతులు కడుక్కుని వచ్చేసరికి మళ్లీ కట్టె పట్టుకుని బుద్ధిమంతురాలిలా నిలబడ్డాను. ఎవరూ గమనించలేదు. ఒకరు సకినాలను పళ్లెంతో తీసి నూనెలో జారవిడుస్తుంటే, ఇంకొకరు తిరగేసి కాల్చి తీసి బుట్టలో పోస్తూ పోయారు. పొద్దు వాలేసరికి గుడ్డ మీద ఒకే ఒక్కటి మిగిలింది. నాయనమ్మ దాన్ని తీయబోయి ఆగిపోయింది.

"ఇదెవరు సుట్టిండ్రు?"

పన్నెండు తలలూ నావైపు తిరిగాయి. నా ఎడమ చేతి గోళ్లలో ఎండిన పిండి నన్ను పట్టించేసింది.

"ఎన్ని సుట్టినవ్ పిల్లా?"

"ఇరవై," అన్నాను. ఇక దాచి లాభం లేదని, "చిన్నత్త కోసం," అని కూడా చెప్పి ఏడుపు లంకించుకున్నాను.

నాయనమ్మ ఏడుపులకు కరిగే మనిషి కాదు. ఎదురు చుట్లు సారెలో పోతే కూతురి కాపురంలో ఎదురు మాటలే మిగులుతాయని ఆమె భయం. బుట్టలో పడిన మిగతా పందొమ్మిదీ ఏరి తీసేదాకా లేవనని, బుట్ట గుడ్డ మీద బోర్లించి కూర్చుంది. ఒక్కొక్కటే తీసి కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, మంచివి ఇటు, ఎదురువి అటు పెట్టసాగింది. చూస్తుండగానే అటు పక్కది చిన్న గుట్ట అయింది, గుట్ట కాస్తా పెద్దదయింది. పందొమ్మిది దాటి యాభై అయింది, వంద అయింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గిన్ని ఎప్పుడు సుట్టింది ఈ పుర్రది?" అంది నాయనమ్మ బిత్తరపోయి.

లోపలి నుంచి చిన్నత్త వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఎదురు చుట్ల గుట్టలోంచి ఒకటి తీసి, తల్లి కళ్ల ముందే తిరగేసి పెట్టింది.

"ఇప్పుడు సూడమ్మా. ఇది మంచిదా, ఎదురుదా?"

నాయనమ్మ చూసింది. తిరగేసింది. మళ్లీ తిరగేసింది. ఇటు చూస్తే కుడి, అటు చూస్తే ఎడమ. నూనెలో రెండు వైపులా తిరగేసి కాల్చిన సకినానికి మీదేది, కిందేది? గుడ్డ అచ్చు పడిన వైపు కింద అయి ఉంటుందని వెతికింది. నూనెలో ఉబ్బిన పిండి మీద ఏ అచ్చూ మిగల్లేదు. యాభై ఏళ్లుగా సకినాలు చుట్టిన మనిషి, ఆ పన్నెండు మంది ముందు ఒక సకినాన్ని దోసెలా అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది. ముందు ఓబులమ్మ అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అందరూ పొట్టలు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"నా సారె నాకు గిట్లనే కావాలె," అంది చిన్నత్త. "ఏది దానిదో తెల్వకుంటనే అన్ని తింట."

నాయనమ్మ మూతి ముడుచుకుని, రెండు గుట్టలూ కలిపి బుట్టలోకి తోసింది. మర్నాడు పొద్దున మిగిలిన పిండితో మళ్లీ ధోవతి పరిచాక, నేను కాకుల కట్టె కోసం వెతుకుతుంటే ఆమె గొంతు వినిపించింది.

"ఆ కట్టె పక్కకు పెట్టు. చేతులు కడుక్కొని ఈడ కూసో."

పన్నెండు మంది కొంచెం కొంచెం జరిగి చోటిచ్చారు. చిన్నత్త కాపురానికేమీ కాలేదు. పదహారు రోజుల పండుగకు వచ్చినప్పుడు ఒళ్లు చేసి, నవ్వుతూ వచ్చింది. ఎదురు మాటలు మాత్రం తన మొగుడికే ఎక్కువగా పడుతున్నాయని, అవి నా ఇరవై సకినాల పుణ్యమేనని నా చెవిలో చెప్పింది.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, నాకు పెళ్లయి మణికొండలో కాపురం పెట్టాక, నాయనమ్మకు పక్షవాతం తగిలి కుడి చెయ్యి పడిపోయింది. దవాఖాన దగ్గరని ఆర్నెల్లు మా ఫ్లాట్‌లోనే ఉంది. మాట బాగానే ఉండేది, గదమాయింపులూ తగ్గలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం పిండి కలపమంది. బాల్కనీలో గుడ్డ పరిచి కూర్చోబెట్టాను. ఎడమ చేత్తో పిండి తీసుకుంది. వేళ్లు తిరగలేదు. తాడు తెగింది, మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ తెగింది. నా మొహం చూడకుండా అంది:

"నీ చెయ్యి జర నా ముంగట పెట్టు. ఎట్ల తిప్పుతవో సూడనీ."

ఆమె ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చుట్టాను. ఆమె నా వేళ్లనే చూస్తూ, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, బడి పిల్లలా నా వెనకాలే చుట్టింది. మూడు చుట్లు వంకర టింకరగా తిరిగాక, కొస అతకలేకపోయింది. "నువ్వు కలుపు," అంది. నా ఎడమ చేత్తో కలిపాను. ఆమె దాన్ని కాసేపు చూసి, "ఈ చేతినేనా గన్ని ఏండ్లు కొట్టిన," అంటూ అదే పిండి చేతిని నా నెత్తిన పెట్టింది. ఎడమ చేత్తో ఎవరినీ దీవించకూడదని నాకు నేర్పింది ఆమే.

మా ఊరి వాకిలి ఉన్నచోట ఇప్పుడు ఫ్లైఓవర్ మీదికి చుట్టు తిరిగి ఎక్కే దారి ఉంది. పొద్దునా సాయంత్రం నా కారు ఆ మలుపు తిరుగుతుంది. బండరాళ్లు లేవు, ధోవతులు పరిచే చోటు లేదు, ఒకరి ఇంటి పిండికి పన్నెండు ఇళ్ల చేతులు వచ్చే రోజులు లేవు. సకినాలు ఫోన్లో అడిగితే అరగంటలో ఇంటికొస్తాయి, రుచిగానే ఉంటాయి, ఆబగా తింటాను కూడా. నాయనమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆ ఆదివారం నా జుట్టుకంటిన పిండిని మర్నాటి దాకా కడుక్కోలేదు.