గుల్లల దిబ్బ మీద ఇల్లు

పోర్ట్ బ్లెయిర్‌లో పురావస్తు ఉపన్యాసం ఎక్కడ జరిగినా ముందు వరుసలో నేనుంటాను. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా లైబ్రరీలో కూర్చుని చదువుకున్నదే. ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను.

అక్కాబావలు ఊరి పక్కనున్న గరాచర్మలో ఇల్లు కట్టుకోవడానికి కొన్న స్థలం వెనక గడ్డి మొలిచిన దిబ్బ ఒకటుండేది. వాన కోసేసిన చోట సముద్రపు గుల్లలు, మసి పట్టిన రాళ్లు, గీతలున్న కుండపెంకులు, పంది దవడ ఎముకలు పొరలు పొరలుగా కనిపించేవి. ఈ దీవుల తొలి మనుషులు తరతరాలు తిని పారేసినవి అలా దిబ్బలవుతాయని చదివాను. ఆ శాస్త్రం తెలిసినవాళ్లొకరు వచ్చి చూసి, అవునంటే చాలనుకున్నాను.

మెయిన్‌లాండ్ నుంచి ఒక పరిశోధకురాలు వచ్చి ఎముకల గురించి, పళ్ల అరుగుదల గురించి మాట్లాడిన రోజు బావనూ తీసుకెళ్లాను. అతను వచ్చింది ఏసీ కోసం, సమోసాల కోసం. చివర్లో నేను లేచి, "మేడమ్, మా బావ ప్లాట్‌లో అలాంటి దిబ్బ ఉంది" అని హిందీలో చెప్పాను.

ఆవిడ మొహం వెలిగింది. "ఆదివారం వస్తాను. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకుండా చూడండి. అలాంటి చోటును కాపాడాలి" అంది. హాలంతా చప్పట్లు. జీవితంలో నాకు పడ్డ చప్పట్లు అవే.

"కాపాడ్డమంటే ఏటిరా? కట్టనివ్వరా?" అన్నాడు బావ మెల్లిగా.

"ముందు చూడనీ బావా."



ఆదివారం ఆవిడను ఆటోలో తీసుకెళ్లాను. దిబ్బ లేదు. జేసీబీ పళ్ల గాట్లు మాత్రం ఉన్నాయి. గుల్లలన్నీ ఇంటి పునాదిలోకి పోయాయి. బావ పైపుతో వాటిని తడుపుతున్నాడు.

"ఆయియే మేడమ్, చాయ్ తాగండి" అని ఆవిడతో నవ్వి, నా వైపు తిరిగాడు. "ఏటలా చూస్తావు? సర్కారోళ్లొచ్చి తాడు కట్టీసి బోర్డెట్టీస్తే, మీ అక్క పోయి నీ లైబ్రరీలో పడుకుంటాదా?"

అక్క తల దించుకుని చాయ్ పోస్తోంది.

ఆవిడ ఒక పెంకు తీసి తిప్పి చూసింది. "ఏ పొరలోదో తెలియకపోతే ఇది చెప్పేది చాలా తక్కువ" అని నా చేతిలో పెట్టి, అదే ఆటోలో వెళ్లిపోయింది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

గృహప్రవేశం నాడు బావ నన్ను భుజం పట్టి అందరి ముందుకూ లాగాడు. "మా బావమరిది. పెద్ద చదువరి. ఈ ఇంటి కింద ఏటుందో ఈడికే తెలుసు."

అందరూ నవ్వారు. అక్క విస్తరి వేసింది. ఆ నేల మీదే కూర్చుని తిన్నాను.