మొదటి పాఠం, మంచినీళ్లు

నేను పాఠం చెప్పిన మొదటి రోజే అరవై మంది పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారని బందరంతా చెప్పుకుని తిరిగాను. మొన్న బీఈడీ చదువుతున్న మనవరాలు ఏడుస్తూ వచ్చింది.

“పిల్లల ముందు నోరు పెగల్లేదు తాతయ్యా. రేపట్నుంచి పాఠం చెప్పడానికి వెళ్లను. నువ్వంటే పుట్టుకతోనే మాస్టారివి.”

నా గొప్పలే దాన్ని బెదరగొట్టాయి. నిజం చెప్పేశాను.

“అరవై కాదే, పద్దెనిమిది మంది. దివిసీమలో మా ఊరి బడి. పాఠం మర్చిపోయి, మంచినీళ్లు తాగొస్తానని బయటికెళ్లిపోయాను.”

అది కళ్లు తుడుచుకుని పకపకా నవ్వింది. మర్నాడు వెళ్లి పాఠం పూర్తిచేసి, చేతుల నిండా సుద్దపొడితో తిరిగొచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

ఆనాడు ఆ క్లాసులోనే కూర్చున్న మా చెల్లెలు మాత్రం ఊరుకోలేదు.

“మంచినీళ్లేంటి అన్నయ్యా? సైకిలెక్కి ఇంటికి పారిపోయావు. అమ్మ చెవి మెలిపెట్టి, మా అందరి ముందూ మళ్లీ లాక్కొచ్చింది.”