నెబో కొండ మీద నాన్న

నా చిన్నప్పుడు, ఎనభైల మొదట్లో, మేము న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉండేవాళ్లం. మా నాన్న వారమంతా రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఆదివారం మధ్యాహ్నం, తెల్లవాళ్ల ఆరాధన ముగిశాక, వాళ్ల చర్చి బేస్‌మెంట్‌లో తెలుగువాళ్లకు బైబిల్ వాక్యం చెప్పేవారు. మొదట్లో ఆ సంఘమంతా కలిపి మూడు నాలుగు కుటుంబాలే. ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఎవరి ఉద్యోగం ఊడినా ముందు మా ఇంటి ఫోనే మోగేది. మనకంటూ ఒక చర్చి ఉండాలని నాన్న ఏళ్ల తరబడి తిరిగారు. చివరికి ఒక పాత భవనం దొరికింది.

అది చేతికి రాగానే సంఘపెద్ద ఒకాయన మా ఇంటికొచ్చాడు.

“మీ ఇంగ్లీష్ మా పిల్లలకి అర్థం కావట్లేదు బ్రదర్. కొత్త చర్చికి యంగ్ పాస్టర్ ఉంటే బెటరని అందరూ ఫీల్ అవుతున్నారు.”

నాన్న దగ్గరే వాక్యం నేర్చుకున్న ఒక కుర్ర అంకుల్‌ని అప్పటికే ఎన్నుకున్నారట. “అలాగే బ్రదర్, టీ తాగి వెళ్లండి” అన్నారు నాన్న.

ఆ వేసవిలో సంఘమంతా కలిసి పరిశుద్ధ స్థలాలు చూడాలని అంతకుముందే అనుకున్నాం. ఈ గొడవతో ఒక్కొక్కరే మానుకున్నారు. చివరికి అమ్మా నాన్నా నేనూ మాత్రమే వెళ్లాం. జోర్డాన్‌లో నెబో కొండ ఎక్కాం. ప్రజల్ని నలభై ఏళ్లు ఎడారిలో నడిపించిన మోషేకు దేవుడు వాళ్లకిస్తానన్న కనాను దేశాన్ని ఆ కొండ మీంచే చూపించి, నువ్వు మాత్రం అందులో అడుగుపెట్టవన్నాడు. అక్కడ నిలబడితే యెరికో పట్టణం దాకా కనిపిస్తుందని నాన్న ఎన్నోసార్లు చెప్పారు. ఆ రోజు దుమ్ము కమ్మేసి ఏమీ కనిపించలేదు.

అమ్మ ఇక ఆపుకోలేకపోయింది. “అంతకాలం మోసినవాణ్ణి గుమ్మం దాకా తెచ్చి ఆపేశాడు. ఇదేం న్యాయమండీ?”

దేనికైనా వాక్యంలోంచి జవాబు చెప్పే నాన్న ఒక రాయి మీద కూలబడి, టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. భయం వేసి పక్కన కూర్చున్నాను.

“మోజెస్‌కి కోపం రాలేదా నాన్నా?” అన్నాను.

ఆయన టోపీ దించి కళ్లు తుడుచుకున్నారు. “వచ్చే ఉంటుంది తల్లీ. కానీ ఆయన తన తర్వాతివాడైన యెహోషువ మీద చేతులుంచి దీవించి, అప్పుడు కొండెక్కాడు. నేను ఆ పని చెయ్యకుండానే ఎక్కేశాను.”

కొత్త చర్చి తెరిచిన రోజు నాన్న మమ్మల్ని తీసుకుని వెళ్లారు. ఎవరూ పలకరించలేదు. వెనక బెంచీలో కూర్చున్నాం. కుర్ర పాస్టరును ముందుకు పిలిచినప్పుడు నాన్న లేచి నడిచారు. గొడవకొచ్చాడనుకుని సంఘపెద్ద అడ్డం రాబోయాడు. నాన్న ఆయన్ని తప్పుకుని వెళ్లి, ఆ కుర్రాడి తల మీద రెండు చేతులూ ఉంచి ప్రార్థించారు. తిరిగొచ్చి కూర్చునేదాకా ఎవరూ ఆమెన్ అనలేదు. అంతా నటన అని తర్వాత చెప్పుకున్నారట.

నాన్నను మళ్లీ ఎవరూ వాక్యం చెప్పమనలేదు. కొన్నేళ్లకు ఆ కుర్ర పాస్టరు ఉద్యోగం దొరికి శాంటా క్లారా వెళ్లిపోయాడు. సంఘం రెండుగా చీలింది, భవనం అమ్ముడుపోయింది. నాన్న పోయినప్పుడు సమాధి దగ్గర మావాళ్లు తప్ప పెద్దగా ఎవరూ లేరు.

నేను ఒక స్కూలుకు ప్రిన్సిపాల్‌గా చేశాను. పొమ్మనలేక పొగబెడితే ఆ కుర్చీ దిగాను. వెళ్లే ముందు, నా స్థానంలోకొచ్చిన అమ్మాయిని వెంటబెట్టుకుని ప్రతి క్లాసుకూ తీసుకెళ్లి, పిల్లలకు మంచిగా పరిచయం చేశాను. దానివల్ల ఏదో మేలు జరుగుతుందన్న ఆశ నాకు లేదు. నాన్నకు జరగలేదు. అయినా ఆ పని చెయ్యకుండా గడప దాటలేకపోయాను.